గడ్డం కింద వెలుతురు

ఉప్పు సొసైటీ కాలెండరుకి పన్నెండు మొహాలు కావాలన్నారు.
"కనుపర్తి కయ్యల దాకా ఎందుకు, పెట్రోలు దండగ.
ఆఫీసు గోడకి పచ్చగుడ్డ కట్టెయ్,
వెనకాల ఉప్పు మీ ఇమ్రాన్ పెట్టేస్తాడుగా"
అన్నాడు సెక్రటరీ.

పెట్టేశాడు.
ఇమ్రాన్ చేతికి వంక పెట్టలేం.
వెంట్రుక వెంట్రుకకీ మాస్కు గీస్తాడు,
ముక్కుపుడక అంచున మిగిలిన పచ్చదనాన్ని
చింతపండులో ఈనె తీసినట్టు తీస్తాడు.
ఫ్యాను కింద కూర్చున్న పన్నెండు మందిని
ఒక్క మధ్యాహ్నంలో ఉప్పు మధ్యకి చేర్చాడు.
ఎవరి కాలికీ తడి అంటలేదు.

ఫోటోలు పంచిన రోజు
వెంగమ్మ తన కాగితాన్ని కిటికీ కేసి పట్టుకుని చూసింది,
దొంగనోటేమో అన్నట్టు.
"ఏందయ్యా ఇది? కయ్యలో నిలబడి
కళ్ళు ఇంతింత తెరిచేదెవురు?
ముప్పై ఏళ్ళ నుంచీ ఉప్పుని నేను
రెప్పల సందులో నుంచే చూశా."
ఆపైన గడ్డం కింద వేలు పెట్టి చూపించింది.
"ఈడ చీకటేంది? ఉప్పు కింద నుంచి గదా కొట్టేది."

ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
ఒంగోలు కల్యాణమండపాల్లో ఎన్ని గడ్డాలు
వేలితో పైకెత్తించానో లెక్కలేదు.
ఆ చీకటి నాకు కనపడలేదు.

మర్నాడు సాయంత్రం
స్కూటరు ముందర బ్యాటరీ,
వెనక ఖాజావలి, వాడి భుజాన స్టాండు.
గట్టు మీద గాలి సాఫ్ట్‌బాక్సుని తెరచాప అనుకుంది.
వాడు దాన్ని కావిలించుకుని వెనక్కి వెనక్కి పోయి
ఒక కాలు కయ్యలోకి దించేశాడు.
"దిగావా, ఇంక ఆ మడి గీకాల్సింది నువ్వే"
అంది వెంగమ్మ, చీర మోకాలి పైకి దోపి,
చేతిలో పలకతో.
పొద్దుని వీపున పెట్టుకోమన్నాను.
ఎండ వెనక ఉన్నా కళ్ళు చిట్లించింది,
అలవాటు.

నిజం చెప్పొద్దూ, నేను మోసుకెళ్ళిందీ అబద్ధమే.
డబ్బాలో పెట్టిన రెండో పొద్దు,
సెకనులో వెయ్యో వంతు బతుకు దానిది.
అయితే దాని దారి అది వెతుక్కుంది:
చీర మీద పడి, పలక మీద పడి,
ఉప్పు మీద పడి లేచి,
ఎవరూ చెప్పకుండానే
ఆమె గడ్డం కిందికి చేరింది.

మొదటి మెరుపు కొలత కోసం.
అది కొట్టగానే ఆవలి గట్టున ఎవరో లేచాడు.
తలెత్తి ఆకాశం చూశాడు.
తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని
ఉప్పు కుప్ప వైపు ఒకటే పరుగు.
మెరుపంటే అక్కడ
మూడు నెలల కూలి కరిగి కాలవలో కలవడం.
"మాల్యాద్రీ! వాన గాదురో! ఫోటో! ఫోటో!"
వెంగమ్మ కేక గాలిలో సగం దారిలోనే పోయింది.
అతను పరిగెత్తుతూనే ఉన్నాడు,
ఈమె నవ్వుతూనే ఉంది.
నవ్వు పూర్తిగా ఆరకముందే రెండోది నొక్కాను.

కాలెండరులో పడింది మాత్రం పాతదే.
మిగతా పదకొండింటితో పొసగదన్నాడు సెక్రటరీ.
ఆగస్టు నెలంతా వెంగమ్మ
కళ్ళు ఇంతింత తెరుచుకుని ఉంటుంది.
కొత్తదాన్ని ఇంట్లో గ్యాసు పుస్తకంలో దాచుకుందట.
నా స్టాండు మరలకి ఉప్పు పట్టింది,
తిప్పితే ఇప్పటికీ కీచుమంటుంది.

ఆ రాత్రి షాపులో
ఇమ్రాన్ దాన్ని తెర మీద పెద్దది చేశాడు.
అంచున దూరిన ఖాజావలి మోచెయ్యి తుడిచాడు,
సరేనన్నాను.
"నీడలు రెండున్నాయన్నా,
ముందొకటి, వెనకొకటి. ఒకటి తీసెయ్యనా?"
కాసేపు చూసి, ఉండనీ అన్నాను.
బాణం పైమూలకి జరిగింది.
"మరి ఈ మచ్చ?"
ఇంకా దగ్గరికి లాగించాను.
తాటాకుల కింద రెండు కాళ్ళు,
ఒకటి నేల మీద, ఒకటి గాల్లో.

దాని మీద నుంచి చెయ్యి తియ్.
దాని పేరు మాల్యాద్రి.